రాయగడ పిన్‌కోడ్ 765001 ఏ రకం సంఖ్య?

ప్రశ్న: "మాస్టారూ, మాది రాయగడ. పదో తరగతి, ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. స్కూల్లో మ్యాథ్స్ ఎగ్జిబిషన్‌కి మా ఊరి పిన్‌కోడ్ 765001 మీద చార్టు చేస్తున్నాను. 2 నుంచి 59 దాకా ఉన్న ప్రైమ్ నంబర్లన్నిటితో భాగించి చూశాను, ఒక్కదానితోనూ భాగం పోలేదు. ప్రైమ్ అని రాసేయొచ్చా? ఇంటర్నెట్‌లో డెఫిషియెంట్, హర్షద్, హ్యాపీ, ఈవిల్ అని ఏవేవో పేర్లు కనిపిస్తున్నాయి. వాటిలో ఏవి రాయాలి?"

సమాధానం:

రాసేయకు బాబూ. 59 దగ్గర ఆగావు కదా, దాని పక్కనున్న ప్రైమ్ 61. దానితో ఒక్కసారి భాగించి చూడు. 61 × 12541 = 765001, శేషం సున్నా. కాబట్టి ఇది ప్రైమ్ కాదు, సంయుక్త సంఖ్య. సరిగ్గా రెండు ప్రైమ్‌ల లబ్ధం కాబట్టి దీన్ని సెమీప్రైమ్ అంటారు. చార్టుకి ఇంతే చాలనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ మీ పిన్‌కోడ్‌లో నువ్వు చూసిన పేర్లన్నిటికంటే మంచి సంగతి ఒకటి దాగుంది. దాని దగ్గరికి వెళ్ళేముందు నీ భాగహారాల లెక్క తేల్చేద్దాం.

ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకుని మొదలుపెట్టాలి. 765001 వర్గమూలం 874కి కాస్త పైన ఉంటుంది. ఈ సంఖ్యని రెండు కారణాంకాలుగా విడదీస్తే రెండూ ఒకేసారి 874 దాటలేవు, ఎందుకంటే రెండూ దాటితే లబ్ధం 765001ని మించిపోతుంది. కనుక ఒక్కటైనా 874 లోపు ఉండి తీరాలి. 874 లోపు ప్రైమ్‌లు 150 ఉన్నాయి. అన్నిటితోనూ చూసి ఏదీ పోకపోతేనే 'ప్రైమ్' అనే మాట వాడాలి. నువ్వు చూసినవి 17. అయినా నీ అనుమానం మరీ గాల్లోంచి పుట్టింది కాదు. ఈ సైజు సంఖ్యల్లో సగటున 13, 14 సంఖ్యలకి ఒక ప్రైమ్ వస్తుంది. ఈ సగటు సహజ సంవర్గమానం (కాలిక్యులేటర్‌లో ln) నుంచి వస్తుంది, 765001కి అది దాదాపు 13.5. 59 దాకా ఉన్న ప్రైమ్‌లన్నిటినీ తప్పించుకున్న సంఖ్యల్ని మాత్రమే తీసుకుంటే, వాటిలో సగానికి కొంచెం పైగానే నిజంగా ప్రైమ్‌లు. అంటే నీకు బొమ్మా బొరుసూ కంటే కాస్త మెరుగైన అవకాశమే ఉంది. లెక్కల్లో అది సరిపోదు, అంతే.

ఇంకో మాట. ఆ 17 భాగహారాలనీ నువ్వు కాగితం మీద పొడుగ్గా చేసి ఉంటావనుకుంటాను. చాలావాటికి ఆ శ్రమ అక్కర్లేదు. 765001 అంటే 765 × 1000 + 1. 765000ని 2, 3, 5, 17 నాలుగూ భాగిస్తాయి. కాబట్టి 765001 దగ్గర ఈ నాలుగింటికీ శేషం 1 అని చూడగానే చెప్పేయొచ్చు. 7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే ఉపాయం ఉంది: 7 × 11 × 13 = 1001. ఆరంకెల సంఖ్యని మూడేసి అంకెలుగా విడగొట్టి, ముందు ముక్కలోంచి వెనక ముక్క తీసెయ్. 765 − 1 = 764. ఈ 764ని 7 గానీ 11 గానీ 13 గానీ భాగిస్తేనే అసలు సంఖ్యనీ భాగిస్తుంది. 764ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది, 11తో 5, 13తో 10. కాబట్టి మూడూ పోవు. 37కి తీసివేత బదులు కూడిక, ఎందుకంటే 999 = 27 × 37. 765 + 1 = 766, దాన్ని 37తో భాగిస్తే శేషం 26. అదీ పోదు. నోటితో అయిపోయే పనులివి.

ఇక 12541 ప్రైమా కాదా అనేది మిగిలింది. దాని వర్గమూలం 112కి అటూ ఇటూ, కాబట్టి 109 దాకా చూడాలి. ఇక్కడే నీ పాత కష్టానికి ఫలితం దక్కుతుంది. 12541ని భాగించేది 765001నీ భాగిస్తుంది. 59 దాకా ఏదీ 765001ని భాగించదని నువ్వే తేల్చావు. అందుకని 61 నుంచి 109 వరకు ఉన్న పన్నెండు ప్రైమ్‌లు చూస్తే చాలు. 61, 67, 71, 73, 79, 83, 89, 97, 101, 103, 107, 109తో భాగిస్తే మిగిలే శేషాలు వరసగా 36, 12, 45, 58, 59, 8, 81, 28, 17, 78, 22, 6. సున్నా ఎక్కడా లేదు. 12541 ప్రైమ్. విభజన పూర్తయింది.

ఇప్పుడు 'ఏ రకం' అన్న నీ రెండో ప్రశ్న. ఒక సంఖ్యకి వేసే పేర్లలో రెండు జాతులున్నాయి. కొన్ని దాని కారణాంకాల నుంచి వస్తాయి. అవి సంఖ్య సొంత గుణాలు, ఏ లిపిలో రాసినా ఏ ఆధారంలో (పదుల్లో గానీ రెండ్లలో గానీ) రాసినా మారవు. మిగతావి మనం ఏదో ఒక ఆధారంలో రాసినప్పుడు కనిపించే అంకెల నుంచి వస్తాయి. హర్షద్, హ్యాపీ, ఈవిల్ ఈ రెండో జాతివి. నన్నడిగితే చార్టులో మొదటి జాతికే చోటివ్వాలి. ఎందుకో నీ చుట్టుపక్కల ఊళ్ళ పిన్‌కోడ్‌లు చూస్తే నీకే అర్థమవుతుంది.

పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె పోస్టల్ జోన్‌ని చెబుతుంది, మొదటి మూడూ కలిస్తే సార్టింగ్ జిల్లా, చివరి మూడు పోస్టాఫీసు. 001తో ముగిసే ఏ పిన్ అయినా 'ఒక మూడంకెల సంఖ్య × 1000 + 1' అన్న రూపంలోనే ఉంటుంది. రాయగడ 765001, జయపురం 764001, బరంపురం 760001 మూడూ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు.

బరంపురంతో మొదలుపెడదాం. 760 − 1 = 759, అది 11 × 69. కాబట్టి 760001ని 11 భాగిస్తుంది, భాగఫలం 69091. దీన్ని మళ్ళీ 11తో భాగించు, పోతుంది, 6281 వస్తుంది. మళ్ళీ 11తో భాగించు, అదీ పోతుంది, 571. అది ప్రైమ్. అంటే 760001 = 11³ × 571. ఆరంకెల సంఖ్యలో 11 మూడుసార్లు కూర్చుని ఉండటం రోజూ కనిపించేది కాదు. బరంపురం వాళ్ళకి మాత్రం చెప్పకు, పట్టుచీరల తర్వాత చెప్పుకోవడానికి ఇంకో గొప్ప దొరికిందంటారు.

జయపురం ఇంకో తీరు. అంకెలు కూడితే 18, కాబట్టి 9తో పోతుంది. 764 − 1 = 763 = 7 × 109, కాబట్టి 7తోనూ పోతుంది. చివరికి 764001 = 3² × 7 × 67 × 181. పర్లాకిమిడి 761200, చివర్న సున్నాలున్నాయి కాబట్టి చూడగానే చాలావరకు విడిపోతుంది: 2⁴ × 5² × 11 × 173.

ఈ విభజన చేతిలో ఉంటే భాజకాల సంఖ్య లెక్కపెట్టనక్కర్లేదు. ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించేయడమే. రాయగడకి 2 × 2 = 4 భాజకాలు: 1, 61, 12541, 765001. బరంపురానికి 4 × 2 = 8. జయపురానికి 3 × 2 × 2 × 2 = 24. పర్లాకిమిడికి 5 × 3 × 2 × 2 = 60. మీ పిన్‌కి ఒక్క అడుగు వెనకున్న 765000కి ఎన్నో తెలుసా? అది 2³ × 3² × 5⁴ × 17, కాబట్టి 4 × 3 × 5 × 2 = 120. పక్కపక్క సంఖ్యలే, ఒకదానికి 120 భాజకాలు, ఇంకోదానికి నాలుగు. పక్కనున్నంత మాత్రాన చుట్టరికం ఉండాలని సంఖ్యల్లో రూలేం లేదు. 1 తప్ప ఉమ్మడి కారణాంకం అయితే అసలు ఉండదు, వరస సంఖ్యలు కదా.

డెఫిషియెంట్ అనే పేరు ఇక్కడిదే. సంఖ్యని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడు. మొత్తం ఆ సంఖ్యకంటే తక్కువైతే డెఫిషియెంట్, ఎక్కువైతే అబండెంట్, సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య, 6, 28 లాంటివి. 765001కి 1 + 61 + 12541 = 12603. ఏడున్నర లక్షల చోట పన్నెండు వేలు, కాబట్టి డెఫిషియెంట్. పర్లాకిమిడి పిన్‌కి ఇదే మొత్తం 1245368, అది అబండెంట్. ఈ పేరు రాయొచ్చు, తప్పులేదు, కానీ గొప్పేమీ కాదు. సెమీప్రైమ్‌లలో 6 ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ డెఫిషియెంట్‌లే. సెమీప్రైమ్ అని రాశాక ఇది రాయడం ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టే.

ఇప్పుడు అసలు సంగతి.

765² ఎంత? 585225. 424² ఎంత? 179776. రెండూ కూడు. 765001 వస్తుంది. మీ పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెల వర్గానికి 424 వర్గం కలిపితే మీ పిన్‌కోడే! కాలిక్యులేటర్‌లో నువ్వే కొట్టి చూసుకో.

ఇది ఎలా కుదిరిందో చూడు. 765001లోంచి 765² తీసేస్తే మిగిలేది 765 × 1000 − 765 × 765 + 1, అంటే 765 × 235 + 1. ఇక 765 × 235ని ముక్కలు చేసి వేరే జంటగా పేర్చుకో. 765 = 9 × 5 × 17, 235 = 5 × 47. 9నీ 47నీ కలిపితే 423. రెండు 5లనీ 17నీ కలిపితే 425. అంటే 765 × 235 = 423 × 425. మధ్యలో ఉన్నది 424. తొమ్మిదో తరగతిలో చదివిన సూత్రం ప్రకారం 423 × 425 = 424² − 1. దానికి మన దగ్గరున్న 1 కలిపితే కచ్చితంగా 424². ఎక్కడా మాయ లేదు.

ఇలాంటి పిన్‌లు ఎన్ని ఉండొచ్చని నీకు అనుమానం రావాలి. మొదటి మూడంకెల వర్గానికి ఇంకో వర్గం కలిపితే '...001' రావాలంటే, లెక్క సర్దుకుంటే ఒకే షరతు మిగులుతుంది: ఆ మూడంకెల సంఖ్యకీ 500కీ ఉన్న తేడా వర్గం, రెండో సంఖ్య వర్గం కలిపి 250001 అవ్వాలి. 250001 = 53² × 89. దీన్ని రెండు వర్గాల మొత్తంగా మూడే మూడు విధాలుగా రాయగలం: 500² + 1², 449² + 220², 424² + 265². వీటి నుంచి వచ్చే మూడంకెల సంఖ్యలు 235, 280, 499, 501, 720, 765, 924, 949. అంతే. 100 నుంచి 999 దాకా ఉన్న 900 సంఖ్యల్లో ఎనిమిది. అందులో మీ 765 ఒకటి. 765కి జత 235 అని గమనించావా? రెండూ కలిపితే 1000. 235² + 424² = 235001.

రెండు వర్గాల మొత్తం అనేది సరదా కోసం పెట్టుకున్న పేరు కాదు, సంఖ్యల సిద్ధాంతంలో పెద్ద తరగతి. బేసి ప్రైమ్‌లన్నీ రెండు గుంపులు. 4తో భాగిస్తే 1 మిగిలేవి ఒక గుంపు: 5, 13, 17, 29, 37, 41, 53, 61 ఇలా. 3 మిగిలేవి రెండో గుంపు: 3, 7, 11, 19, 23 ఇలా. మొదటి గుంపులో ప్రతి ప్రైమ్‌నీ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. రెండో గుంపులో ఒక్కదాన్నీ రాయలేం. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ సంగతిని 1640 డిసెంబరు 25 తేదీతో తోటి పండితుడు మెర్సెన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పాడు. రుజువు అందించింది స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్, వందేళ్ళు దాటాక. సంయుక్త సంఖ్యలకి నియమం ఇది: రెండో గుంపు ప్రైమ్‌లు ఉంటే ఒక్కొక్కటీ సరి ఘాతంలో ఉండాలి, లేకపోతే కుదరదు. బరంపురంలో 11 మూడోఘాతంలో ఉంది, కాబట్టి 760001కి ఆ భాగ్యం లేదు. జయపురంలో 7, 67 ఒక్కోసారి ఉన్నాయి, లేదు. పర్లాకిమిడిలో 11 ఒకసారి ఉంది, లేదు. ఈ నాలుగింట్లో రాయగడ ఒక్కదానికే కుదిరింది, ఎందుకంటే 61, 12541 రెండూ మొదటి గుంపువే. 61 = 5² + 6². 12541 = 110² + 21².

ఈ రెండు ముక్కలూ చేతిలో ఉంటే 765001కి వర్గాలు దొరకబుచ్చుకోవడానికి వెతుకులాట అక్కర్లేదు. రెండు వర్గాల మొత్తాన్ని రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది. ఇలాంటి లబ్ధాల సూత్రాన్ని ఇంకా విస్తృతమైన రూపంలో 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు ఇచ్చాడు. మన అంకెలతో చెయ్యి. 5 × 110 = 550, 6 × 21 = 126. కూడితే 676, తీసేస్తే 424. 6 × 110 = 660, 5 × 21 = 105. తీసేస్తే 555, కూడితే 765. ఒక కూడికకి ఒక తీసివేత జత. కాబట్టి రెండు జవాబులు:

765001 = 676² + 555²
765001 = 765² + 424²

676, 555 రెండూ ఎటునుంచి చదివినా ఒకటే. పైగా 676 అంటే 26². ఇవి కాకతాళీయం, పెద్దగా పట్టించుకోకు.

పట్టించుకోవాల్సింది ఇది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రైమ్‌ని ఒకే విధంగా రాయగలం అన్నాను. 765001కి రెండు విధాలు దొరికాయి. కాబట్టి అది ప్రైమ్ కాదు! 61 పేరెత్తకుండానే, ఒక్క భాగహారమైనా చేయకుండానే తేలిపోయింది. అంతే కాదు, ఆ రెండు విధాల్లోంచి కారణాంకాల్ని కూడా బయటికి లాగొచ్చు. ఆయిలర్ పద్ధతి అంటారు దీన్ని.

బేసి వర్గాలని ఒకవైపు, సరి వర్గాలని ఒకవైపు పెట్టు: 765² − 555² = 676² − 424². రెండువైపులా వర్గాల తేడా సూత్రం వాడితే 210 × 1320 = 252 × 1100 వస్తుంది. గుణించి చూసుకో, రెండూ 277200. ఇప్పుడు 210, 252ల గ.సా.భా. 42. భాగిస్తే 5, 6 మిగులుతాయి. 1320, 1100ల గ.సా.భా. 220. 42లో సగం 21, 220లో సగం 110. అయిపోయింది. 5² + 6² = 61. 21² + 110² = 12541. మొదట ఏ ముక్కలతో కట్టామో ఆ ముక్కలే తిరిగి బయటికొచ్చాయి. ఎవరో నీకు 765² + 424², 676² + 555² అని రెండు సమానతలు మాత్రం ఇచ్చి, కారణాంకాలు దాచిపెట్టినా ఇదే దారిలో నువ్వు పట్టేస్తావు. ఆయిలర్ 1000009ని ఇలాగే విడగొట్టాడు: 1000² + 3² ఒక విధం, 972² + 235² ఇంకో విధం, జవాబు 293 × 3413. అప్పటిదాకా దాన్ని ప్రైమ్ అనుకునేవారు. అంటే ఈ విషయంలో నీకు మంచి తోడే ఉంది.

వెనక్కి వెళ్ళి అంకెల పేర్లు చూద్దాం, త్వరగా. హర్షద్ సంఖ్య అంటే తన అంకెల మొత్తంతో తానే నిశ్శేషంగా భాగించబడేది. ఈ పేరు పెట్టింది మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్. మన 765001 అంకెల మొత్తం 19, భాగిస్తే 4 మిగులుతుంది, కాబట్టి హర్షద్ కాదు. పక్కనున్న 765000 అంకెల మొత్తం 18, భాగఫలం 42500, అది హర్షద్. హ్యాపీ సంఖ్య అంటే అంకెల వర్గాలు కూడుకుంటూ పోతే చివరికి 1 రావాలి. మనది 49 + 36 + 25 + 1 = 111, తర్వాత 3, 9, 81, 65, 61, 37, 58, 89, 145, 42, 20, 4, 16, మళ్ళీ 37. అక్కడే గిరగిరా తిరుగుతుంది, 1 రాదు. మధ్యలో 61 తగిలింది చూశావా? దాన్ని చూసి మురిసిపోయి ఏదో సంబంధం ఉందని చార్టులో రాసేవు, ఏ సంబంధమూ లేదు. ఈవిల్ అంటే బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, రాసినప్పుడు 1లు సరి సంఖ్యలో ఉండటం. 765001 బైనరీలో 10111010110001001001, ఇరవై స్థానాలు, అందులో పది 1లు. కాబట్టి ఈవిల్ అవుతుంది. సంఖ్యల్లో సగం ఈవిల్‌లే. సగం మందికి వచ్చే బిరుదుని చార్టు మీద ఎక్కించి ఏం లాభం?

సెమీప్రైమ్ అన్న పేరు మాత్రం బరువైనదే. బ్యాంకు, ఇంటర్నెట్ రహస్యాలకి వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి, 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ తయారుచేసింది, నిలబడ్డది సెమీప్రైమ్‌ల మీదే. రెండు ప్రైమ్‌లని గుణించడం క్షణం పని, లబ్ధం ఇచ్చి విడగొట్టమంటే కష్టం. మనది ఇరవై బిట్ల, అంటే ఇరవై బైనరీ అంకెల సంఖ్య, నీలాంటి కుర్రాడే విడగొట్టేస్తాడు. 829 బిట్లు, అంటే 250 అంకెలున్న ఆర్‌ఎస్‌ఏ-250 అనే సంఖ్య 2020 ఫిబ్రవరిలో గానీ విడిపోలేదు, దానికి బోలెడన్ని కంప్యూటర్లు కావాల్సొచ్చాయి. ఆర్‌ఎస్‌ఏలో ఇంకో లెక్క అవసరపడుతుంది: 765001 కంటే చిన్నవై, దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని? 60 × 12540 = 752400. రెండు ప్రైమ్‌లలోంచీ ఒక్కోటి తగ్గించి గుణించడమే, కానీ ఆ ప్రైమ్‌లు తెలియనివాడికి ఇది చేతకాదు. తాళంచెవి అక్కడే ఉంది.

కంప్యూటర్ ఉంటే ఫెర్మా పరీక్ష కూడా చేసి చూపించు, జనానికి నచ్చుతుంది. 765001 ప్రైమే అయితే 2ని 765000 ఘాతానికి పెంచి 765001తో భాగించినప్పుడు 1 మిగలాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క లైను చాలు. మిగిలేది 682896. కాబట్టి ప్రైమ్ కాదు. ఇక్కడ జాగ్రత్త ఒకటి: 1 మిగలకపోతే ప్రైమ్ కాదని కచ్చితంగా చెప్పొచ్చు, 1 మిగిలితే మాత్రం ప్రైమ్ అనేయకూడదు. 341 = 11 × 31, అయినా 2తో చేసే ఈ పరీక్ష నెగ్గేస్తుంది. కచ్చితంగా తేల్చే పద్ధతి, అదీ ఎంత పెద్ద సంఖ్యకైనా మరీ ఎక్కువ సమయం తీసుకోనిది, 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చింది. అగ్రవాల్, కయాల్, సక్సేనా ముగ్గురూ చేసిన పని. కయాల్, సక్సేనా ఇద్దరూ బీటెక్ అప్పుడే ముగించిన కుర్రాళ్ళు.

చార్టు విషయానికి వస్తే, నేనైతే మధ్యలో పెద్దక్షరాలతో 765² + 424² = 765001 = 676² + 555² అని రాస్తాను. దాని కింద 210 × 1320 = 252 × 1100 నుంచి 61, 12541 వచ్చే మెట్లు. ఎడమవైపు మూడు ఊళ్ళ పిన్‌లు వాటి విభజనలతో, బరంపురం 11³కి వేరే రంగు. జాగా మిగిలితే కుడివైపు రెండు లంబకోణ త్రిభుజాలు గియ్యి. రెండింటికీ కర్ణం 765001. మొదటిదాని భుజాలు 148951, 750360, రెండోదానివి 405449, 648720. 676, 555 వర్గాల తేడా, ఆ రెంటి లబ్ధానికి రెట్టింపు తీసుకుంటే మొదటి జత. 765, 424తో అదే పని చేస్తే రెండో జత. పైథాగరస్ పదో తరగతి పాఠమే కాబట్టి జడ్జీలు అక్కడ ఆగుతారు. శేషాల పట్టిక, నువ్వు చేసిన పదిహేడూ 61తో కలిపి, విడిగా ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకో. ఒడియాలో వివరించేటప్పుడు ప్రైమ్‌కి మీ పుస్తకంలో ఉన్న 'మౌళిక సంఖ్య' అనే మాటే వాడు. తెలుగులో ప్రధాన సంఖ్య అని అలవాటుగా అంటే అక్కడ ఎవరికీ ఎక్కదు.